గోడల్లేని వాడ, నాలుగు గోడల చట్టం

గృహహింస అనే మాట మా వాడల్లో ఎవరూ వాడరు. 'ఇంట్ల లొల్లి' అంటారు, 'మొగడు కొడుతుండు' అంటారు. ఇది ఒట్టి మాట తేడా అనుకుంటే పొరపాటు. ఆ 'గృహం' ఎవరి గృహమని అడగకుండానే 2005లో గృహహింస చట్టం వచ్చింది. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకొచ్చింది. 2015 నుంచి సఖి కేంద్రాలొచ్చాయి, 181 నంబరొచ్చింది. ఇవి వద్దని మేం అనటం లేదు. వీటి వెనక స్త్రీల ఉద్యమాలు ఎన్నేళ్లు కొట్లాడాయో తెలిసినవాళ్లమే. కానీ ఏ సేవనైనా అంచనా కట్టాలంటే, దాని గడప దగ్గర ఎవరు నిలబడతారని ఊహించుకుని దాన్ని కట్టారో ముందు చూడాలి.

సాహిత్యాన్ని చదివినట్టే ఫారాల్నీ చదవాలి. ఫిర్యాదు రాగానే రక్షణాధికారి ఒక నివేదిక నింపాలి. అందులో శారీరక హింస, లైంగిక హింస, మాటల హింస, ఆర్థిక హింస, కట్నం వేధింపులు అని విభాగాలున్నాయి. జతచేయాల్సిన కాగితాల్లో డాక్టరు సర్టిఫికెట్టు, స్త్రీధనం జాబితా ఉన్నాయి. చట్టం మూడో సెక్షన్లో పిల్లలు లేరని, మగబిడ్డ లేడని ఎత్తిపొడవడం హింసేనని ప్రత్యేకంగా రాశారు. మంచిదే. కానీ కులం పేరెత్తి హీనంగా మాట్లాడడాన్ని అంత ప్రత్యేకంగా రాయాలని ఎవరికీ తోచలేదు. అగ్రకులపోణ్ణి చేసుకున్న మాల మాదిగ పిల్ల అత్తింట్లో పడే మాట 'దూషణ' అనే ఒక్క పదం కింద కలిసిపోవాల్సిందే. అత్త ఆమెకు విడిగా పెట్టిన గ్లాసు సంగతి ఏ విభాగం కింద రాయాలి?

అట్రాసిటీ చట్టం ఉంది కదా అంటారు. 1989 నాటి ఆ చట్టం ప్రకారం కులం పేరుతో చేసిన అవమానం నలుగురి కంటికి కనపడే చోట జరగాలి. 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ నేరం కిందికి రాదని చెప్పింది. అది భార్యాభర్తల కేసు కాదు, ఆస్తి తగాదాలో పుట్టిన కేసు. అయినా ఆ తర్కం తిన్నగా మన ఆడబిడ్డల కాపురాల్లోకే వస్తుంది. ఇంట్లో అంటే కులం లెక్కలోకి రాదు, కులం లెక్కలోకి రావాలంటే ఇంటి బయట అనాలి. రెండు చట్టాలూ మనకోసమే ఉన్నాయంటారు, ఆమె మాత్రం రెంటి మధ్యా నిలబడి ఉంది.

ఇది కులాంతర పెళ్లిళ్ల సంగతి. వాడలో మన మగవాడే కొట్టినప్పటి సంగతి వేరు, ఇంకా కష్టం. నిరుడు పత్తి తీసే రోజుల్లో మాలో ఒకరం ఒకామెకు తోడుగా జిల్లా కేంద్రంలో ఉన్న ఒక సహాయ కేంద్రానికి పోయాం. రెండు బస్సులు మారాలి. ఆమెకు ఆనాటి కూలి పోయింది. లోపల కూర్చున్న మేడం చెడ్డమనిషేం కాదు, మంచినీళ్లిచ్చింది. అంతా విని, "మీవాళ్లలో తాగడం, కొట్టడం మామూలే కదమ్మా, కొంచెం ఓపిక పట్టాలి" అన్నది. ఆమె, "మామూలైతే గింత దూరమెందుకొస్త మేడం?" అన్నది. తర్వాత స్త్రీధనం కాడికొచ్చారు. "బంగారమేం పెట్టారు?" "బంగారం లేదు. మా నాయిన రెండు మేకలిచ్చిండు. ఒకదాన్ని ఈయన అమ్ముకొని తాగిండు." ఆ మేక కాగితం మీదికి రాలేదు. చట్టం లెక్కన మేక కూడా స్త్రీధనమే. రాసే చేతికే తోచలేదు. మళ్లీ మంగళవారం ఇద్దరూ రావాలన్నారు. ఆ మంగళవారం ఆమె పత్తికి పోయింది.

ఆ 'మామూలే' అన్న మాట దగ్గర మేం ఆగాలనుకుంటున్నాం. అగ్రకుల ఇంట్లో దెబ్బలు పడితే అది పితృస్వామ్యం, మా ఇంట్లో పడితే అది మా కులం అలవాటు. సానుభూతితో అన్నా ఆ చూపు బ్రాహ్మణీయమైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం మంది భర్త చేతి హింసను చవిచూసినవాళ్లే. ఇది ఒక్క వాడ లెక్కా? దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో సాయం అడిగింది 14 శాతమే, అందులోనూ ఎక్కువమంది పోయింది పుట్టింటికే.

పోలీస్‌స్టేషన్‌కు ఎందుకు పోరని అడిగేవాళ్లు వాడకూ పోలీసుకూ ఉన్న చరిత్రను మరిచిపోతారు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని చంపినప్పుడు పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. అలాంటి పోలీసు చేతికి తన మనిషిని అప్పగించడమంటే ఆమెకు ఏమిటో ఆలోచించాలి. వాణ్ని లోపలేసి కొడతారు. కులం పేరు పెట్టి తిట్టి మరీ కొడతారు. ఆమె కోరింది దెబ్బలు ఆగడం. వాడ పోరగాణ్ని లాకప్‌లో పడేయడం కాదు. ఇంటి నుంచి భర్తను బయటికి పంపే ఉత్తర్వు 19వ సెక్షన్లో ఉంది. కానీ వాడలో అతను పోయేదెక్కడికి? గోడ అవతల అన్న ఇల్లు, ఇవతల తల్లి ఇల్లు. ఆశ్రయం తీసుకుందామంటే సఖి కేంద్రం మొదలైనప్పటి నిబంధనల్లో 5 రోజులే. మగపిల్లలైతే 8 ఏళ్ల లోపు వాళ్లకే చోటు. పదేళ్ల కొడుకున్న తల్లి వాణ్ని ఎవరి దగ్గర వదలాలి, తాగొచ్చిన తండ్రి దగ్గరా?

ఇంకో రకం సహాయం మన దగ్గర ఉండేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద లేచిన ఆడవాళ్లు కౌన్సిలింగ్ అడగలేదు. దెబ్బల కారణం ఇంట్లో లేదు, సారా దుకాణంలో, దాన్ని వేలం పాడించే సర్కారు దగ్గర ఉందని వాళ్లు గుర్తుపట్టారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం తెప్పించారు. 1997లో దాన్ని సర్కారే ఎత్తేసింది. ఆ ఉద్యమంలో ముందున్నది చాలాచోట్ల దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లే. చరిత్ర రాసేటప్పుడు మాత్రం 'స్త్రీలు' అని రాసి ఊరుకున్నారు. 1993లో మొదలైన మహిళా సమత సంఘాలు కూడా వాడ చెట్టు కిందే కూర్చుని తగాదాలు తీర్చాయి, కూలి దినం పోగొట్టుకోకుండా. 2016 ప్రాంతంలో కేంద్రం ఆ పథకాన్ని ముగించింది. ఊళ్లో ఉన్నదాన్ని ఎత్తేసి జిల్లా కేంద్రంలో భవనం కట్టడాన్ని అభివృద్ధి అంటున్నారు.

స్త్రీవాద మిత్రుల్ని ఇంత అన్నాక మన సంగతీ అనుకోవాలి. 1995లో జాతీయ దళిత మహిళా సమాఖ్య ఎందుకు పుట్టింది? మన వేదికల మీద మన ఆడవాళ్ల మాటకు చోటు లేకనే. ఈనాటికీ సభలో ఈ సంగతెత్తితే, "అక్కా, ఇది మన ఇంటి విషయం, శత్రువు చేతికి కత్తి ఇచ్చినట్టయితది" అనే తమ్ముళ్లున్నారు. చట్టం 'నాలుగు గోడల మధ్య' అన్నదానికీ వీళ్లు 'ఇంటి విషయం' అన్నదానికీ తేడా ఎక్కడుందో మాకైతే కనపడటం లేదు. కులపెద్దల పంచాయితీలో మొగణ్ని వంద గుంజిళ్లు తీయించి, అదే రాత్రి ఆమెను అదే ఇంటికి పంపే పద్ధతిని 'మన సంస్కృతి' అని ఎవరైనా వెనకేసుకొస్తే మేం ఒప్పుకోం.

అడగాల్సినవి పెద్దవేం కావు. కేంద్రం మండలానికొకటి ఉండాలి, పొద్దుగూకినాక కూడా తలుపు తెరిచి ఉండాలి. వాయిదాకు వచ్చిన రోజు కూలి కట్టివ్వాలి. నివేదికలో కులదూషణకు విడిగా చోటుండాలి, మేకకు కూడా. లోపల కూర్చునేవాళ్లలో వాడల్లోంచి చదువుకొని వచ్చిన మన పిల్లలుండాలి. ఇక దళిత సంఘాలు తమ ఆఫీసుల్లో ఒక గదిని, కొన్ని రోజులైనా, ఇల్లు విడిచొచ్చిన ఆడమనిషికి ఇవ్వగలవా అని మేం అడుగుతున్నాం. ఇందుకు సర్కారు జీవో అక్కర్లేదు. ఈ మాట ఇంతకుముందు రెండు సంఘాల్ని నోటిమాటగా అడిగాం. ఒకరు గది ఖాళీ లేదన్నారు. ఇంకొకరు కమిటీలో పెడతామన్నారు, ఆ కమిటీలో ఆడవాళ్లు లేరు.