రెండు గడియారముల పందెము

పావు మైలు తారుబాట మొదట రెండు బండ్లు ప్రక్కప్రక్కన నిలిచియుండగా, వానిలో నొకటి బయలుదేరి మూడు సెకన్లు గడచిన పిమ్మటగాని రెండవది కదలకుండుట మొదటిసారి చూచువానికి వింతగా తోచును. ముందు కదలినది వారమంతయు సామానులు మోసి అలసిన పాత పికప్ ట్రక్కు. వెనుక ఆగి గర్జించుచున్నది పెద్ద ఇంజను నెక్కించి పందెము కొరకే సిద్ధపరచిన కారు. ఇంతటి తారతమ్యముగల రెంటిని ఒకే గీతపై నిలిపి, ఏ ఒక్కదానికిని అన్యాయము జరుగకుండ పోటీ నడపు పద్ధతికి అమెరికాలో బ్రాకెట్ రేసింగ్ అని పేరు. ఆ దేశపు చిన్న ఊళ్లలోని డ్రాగ్‌స్ట్రిప్పులకు శని ఆదివారములందు వచ్చువారిలో బహుళసంఖ్యాకులు పొట్టకూటికి వేరొక పని చేసికొనుచు, ఈ పందెమును ప్రాణమువలె ప్రేమించు సామాన్యులే.

ఇందు ప్రతి పందెగాడును 1320 అడుగుల దూరమును తన బండి ఎన్ని సెకన్లలో దాటునో ముందుగా తానే చెప్పవలెను. డయల్-ఇన్ అనబడు ఆ సంఖ్యను తెల్లని బూటుపాలిషుతో కిటికీ అద్దముపై పెద్దగా వ్రాయుదురు. ట్రక్కుపై 14.50 అనియు కారుపై 11.50 అనియు ఉన్నయెడల, ఆ మూడు సెకన్ల అంతరము ట్రక్కునకు ముందడుగుగా లభించును. ఇరువురును సమానముగా బయలుదేరి, చెప్పిన కాలముననే పరుగు ముగించినచో చివరి గీతను ఒక్కమారే తాకుదురు. చెప్పినదానికంటె త్వరగా ముగించినవాడు బ్రేకవుట్ అను దోషముచేత ఓడును. ఇరువురును ఆ దోషమే చేసినచో తక్కువ మీరినవానిది గెలుపు. వేగము కొరకు పుట్టిన ఆటలో వేగమే నేరమగుట నాకు చాలకాలము మింగుడుపడలేదు. ఇచ్చట పరీక్ష బండి బలమునకు గాక, ఆ బలమును నడపువాడు ఎంత సూక్ష్మముగా ఎరుగునో ఆ ఎరుకకే యని తెలిసిన పిమ్మట నాకీ పందెముపై గౌరవము కలిగినది.

వాలీ పార్క్స్ 1951లో స్థాపించిన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ యను డ్రాగ్ పందెముల సంస్థ పోటీలను తొలినాళ్లలో జెండా పట్టిన మనుష్యుడు విడుచుచుండెను. 1963లో అతని స్థానమున క్రిస్మస్ ట్రీ యను దీపస్తంభము వచ్చినది. నేడు దానిపై మూడు పసుపుదీపములు అర సెకను వ్యవధితో ఒకదాని వెంట నొకటి వెలుగును. మూడవది వెలిగిన అర సెకనునకు పచ్చదీపము. పచ్చదీపము వెలిగిన క్షణము మొదలు, బయలుదేరు గీతయొద్ద నేలబారుగా ప్రసరించు కాంతికిరణమును ముందుచక్రము విడుచు క్షణము వరకు గల కాలము రియాక్షన్ టైమ్, అనగా స్పందనకాలము. చక్రము ఆ కిరణమును విడిచినది మొదలు చివరి గీతను చేరువరకు పట్టు కాలము గమనకాలము. పందెగాండ్రు దీనిని ఈటీ అందురు. ఇవి రెండు వేర్వేరు గడియారములు. పచ్చదీపము వెలిగిన పది సెకన్లకు మేల్కొని బయలుదేరినవానికి సైతము ఈటీ చెడదు. చెడునది పందెము మాత్రమే.

పచ్చదీపమును చూచి కదలుదమనుకొన్నవాడు అప్పటికే ఆలస్యమైనాడు. కన్ను చూచినదానికి కాలు స్పందించుటకు సుమారు సెకనులో అయిదవవంతు పట్టును. ఆపై ఇంజను బలము చక్రములకు చేరి, టైర్లు నేలను పట్టి, బండి బరువు కదలుటకు మరికొంత జాగగును. కావున నేర్పరులు మూడవ పసుపుదీపము మిణుకుమన్న తోడనే బండిని వదలుదురు. దానికి తొందరపడి, సెకనులో వేయవవంతు ముందుగా చక్రము కిరణమును విడిచినను ఎర్రదీపము వెలుగును. అది బ్రేకవుట్‌కంటె పెద్ద తప్పు; ప్రత్యర్థి బ్రేకవుట్ చేసినను ఎర్రదీపము తెచ్చుకొన్నవాడే ఓడును.

ఈ రెండు గడియారములను ముడివేయు కిటుకు గీతయొద్ద నాలుగైదు అంగుళములలో ఉన్నది. అచ్చట కిరణములు రెండు: మొదటిది ప్రీస్టేజ్, దానికి ఏడంగుళముల ముందు స్టేజ్. చక్రము ఏ కిరణమునకు అడ్డువచ్చిన దాని దీపము స్తంభముపై వెలుగును. స్టేజ్ దీపము వెలిగీ వెలుగకమునుపే ఆగినవాని చక్రము కిరణమునకు తన ముందంచును మాత్రమే తాకించియుండును. ఆ చక్రము పూర్తిగా దొర్లి, వెనుకంచు కిరణమును దాటువరకు ఈటీ గడియారము నడువదు. రోలవుట్ అను ఈ దొర్లుడు వలన గడియారము మొదలగునప్పటికే బండి ఊపందుకొనును గనుక ఈటీ తగ్గును. కాని కిరణమును విడుచుట ఆలస్యమగుటచే స్పందనకాలము పెరుగును. ఇంకను ముందునకు జరిగి, ప్రీస్టేజ్ దీపము ఆరువరకు పోయి నిలుచుట డీప్ స్టేజింగ్. అప్పుడు చక్రము కిరణమును త్వరగా విడుచును. ఈటీ మాత్రము పెరుగును. ఒక జేబులోనుండి తీసి రెండవ జేబులో వేసికొన్నట్లు, ఒక గడియారమున మిగిల్చిన కాలము రెండవదానిలో ఖర్చగుచుండును.

ఏది మేలన్నచో బండిని బట్టి చెప్పవలసినదే. బరువైన ట్రక్కును మూడవ పసుపుదీపమునకు వదలినను అది బద్ధకముగా కదలును గనుక దాని యజమాని డీప్‌గా నిలిపి, ఆ సంగతి పందెము విడుచువానికి తెలియుటకై అద్దముపై 'డీప్' అని వ్రాసికొనును. ముట్టుకొన్నంతనే దుమికెడు తేలికబండి గలవాని బాధ ఎర్రదీపము. అతడు ఇంజను చుట్లను తగ్గించి వదలును, లేదా ముందు పెద్ద టైర్లు బిగించి రోలవుట్ పెంచును. డిలే బాక్స్ అను యంత్రమును అనుమతించు తరగతులలో సహస్రాంశముల లెక్కన జాగును అమర్చుకొందురు. ఏ మార్గము పట్టినను ప్రతి పరుగునకు చక్రము అదే అంగుళమున నిలువవలెను. అది రెండంగుళములు అటునిటైనచో రెండు గడియారములును చెదరి, అద్దముపై వ్రాసినది అబద్ధమగును.

ట్రక్కు యజమాని స్పందన 0.030, పరుగు 14.52 అనుకొందము. చెప్పినదానికంటె 0.020 అధికము, వెరసి 0.050. కారువాని స్పందన 0.020, పరుగు 11.55, వెరసి 0.070. దీపమువద్ద కారువాడే చురుకైనను గెలుపు ట్రక్కుది. గంటకు 100 మైళ్ల వేగమున పోవు బండి సెకనునకు 147 అడుగులు దాటును గనుక, సెకనులో నూరవవంతనగా అడుగున్నర దూరము. దీపమువద్ద పదవవంతు సెకను పోగొట్టుకొన్నవాడు దానిని బాటపై సంపాదింపబోయి బ్రేకవుట్ గోతిలో పడును. దీపమువద్ద మిగుల్చుకొన్నవాడు చివర కాలు తేల్చి, ఎదుటివానికంటె నాలుగంగుళములు ముందుండి చాలించుకొనగలడు. కొందరు బుద్ధిపూర్వకముగా ఎక్కువ కాలము వ్రాసి, గీతయొద్ద బ్రేకు నొక్కి లెక్క సరిపెట్టుదురు. నిబంధన దానిని నిషేధింపదు. తాను వ్రాసిన అంకెకు నిండుగా పరుగెత్తి గెలిచినవానియందే నా ఆదరము.

ఒక సాయంకాలము ఇండియానా రాష్ట్రమున ఒక చిన్న డ్రాగ్‌స్ట్రిప్పునందు అట్టి వృద్ధు నొకని చూచితిని. ఆయన ట్రక్కు ముందుసీటుపై చేతివ్రాత పుస్తకమొకటి యుండెను. అందు ప్రతి పరుగునకు ఎదురుగా ఉష్ణోగ్రత, తేమ, గాలిపీడనము, ఎదురుగాలి, మొదటి అరువది అడుగుల కాలము వరుసగా వ్రాసియుండెను. ప్రొద్దు క్రుంకగా గాలి చల్లబడి చిక్కనయ్యెను. చల్లని గాలిలో ఇంజనునకు బలము హెచ్చును. ఆయన పుస్తకమును రెండు పుటలు వెనుకకు త్రిప్పి చూచి, దిగి, అద్దముపై 14.50ని గుడ్డతో తుడిచి 14.47 అని వ్రాసెను. మరల ఎక్కి, బ్రేకుపై కాలు ఆన్చి, ట్రక్కును వెండ్రుకవాసి చొప్పున ముందునకు జరిపెను. మొదటి దీపము వెలిగెను; రెండవది వెలిగెను; ఇంకను జరుగగా మొదటిది ఆరెను. ఆయన అచ్చట ఆగి, మూడు పసుపుదీపముల వైపు తలయెత్తెను.