రాకపోకలూ పాలుపంపులూ: ఊరు విడిచిన కొడుకు చిత్రణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యోగరీత్యా ఇల్లు విడిచిన యువకుడికీ అతని కుటుంబానికీ మధ్య ఉండే సాన్నిహిత్యాన్ని మన కథనాలు ఎక్కువగా అతని రాకతో కొలిచాయి. కాళిదాసు ‘మేఘసందేశం’, తిలక్ కవిత్వం, శ్రీరమణ ‘మిథునం’, ‘శతమానం భవతి’ చలనచిత్రం ఆధారంగా ఆ కొలత బలాన్నీ పరిమితినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విస్సన్నపేట ప్రాంతపు మామిడి సేద్యాన్ని నేపథ్యంగా తీసుకొని, ఇంటి పనుల్లో, నిర్ణయాల్లో పాలుపంచుకోవడం అంతకన్నా నమ్మదగిన కొలత అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వలస, సందేశకావ్యం, మిథునం, శతమానం భవతి, మామిడి సేద్యం, కుటుంబం.

1. ఉపోద్ఘాతం

నూజివీడు నుంచి తిరువూరు వెళ్లే దారిలో ఉన్న విస్సన్నపేట మామిడితోటల సీమలోనిది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి, విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. పాలనాపరమైన ఆ గీత తోటలను విడదీయలేదు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయలు రెండు వైపులా ఒకే కాలంలో పూతకు వస్తాయి, ఒకే కాలంలో కోతకు వస్తాయి. ఇటువంటి ఊళ్లనుంచి చదువుకున్న యువకులు విజయవాడ, హైదరాబాదు, బెంగుళూరు నగరాలకూ విదేశాలకూ ఉద్యోగాలకు వెళ్లడం ఈ తరానికి సాధారణ విషయం.

వెళ్లినవాడు ఇంటికి దగ్గరగానే ఉన్నాడా, దూరమైపోయాడా అన్న ప్రశ్నకు మన కథనాలు తరచూ ఒకే ఆధారంతో జవాబు చెబుతాయి: వచ్చాడా, రాలేదా? ఈ కొలత ఎక్కడిది? అది ఎవరికి న్యాయం చేస్తుంది, ఎవరికి చేయదు? ఈ రెండు ప్రశ్నలూ ఈ వ్యాసానికి ప్రధానం.

2. సందేశకావ్యం: దూరస్థుడి పక్షం

హాలుని ‘గాథాసప్తశతి’ నుంచి ప్రబంధాల దాకా పథికుడి ఎడబాటు ఎక్కువగా ఇంటి గుమ్మంలో నిలబడి చూసినదే. అలంకారశాస్త్రం ‘ప్రోషితభర్తృక’ను అష్టవిధ నాయికల్లో ఒకతెగా గుర్తించి ఎదురుచూపుకు కావ్యగౌరవం కల్పించింది. పథికుడు ఆమె నిరీక్షణకు కారణంగా మిగిలాడు. అతను దూరాన ఏం చేస్తున్నాడో, ఇంటిని ఎలా తలచుకుంటున్నాడో అరుదుగా మాత్రమే వినబడుతుంది.

‘మేఘసందేశం’ ఈ క్రమాన్ని తిరగవేసింది. అందులోని యక్షుడు కుబేరుని కొలువులో ఉన్నవాడు. కొలువులో ఏమరుపాటు వల్ల ఏడాదిపాటు రామగిరికి వెళ్లగొట్టబడినవాడు. విమర్శకులు అతని విరహాన్ని గురించి విస్తారంగా చర్చించారు. ఈ పరిశీలనకు ముఖ్యమైనది అతని జ్ఞాపకపు స్వభావం. మేఘానికి తన ఇంటి ఆనవాళ్లు చెప్పేటప్పుడు అతడు ఇంద్రధనుస్సువంటి తోరణాన్ని, మరకతశిలల మెట్లున్న దిగుడుబావిని, నెమలి వాలే కమ్మీని, భార్య కొడుకులా పెంచుతున్న లేత మందారపు చెట్టును చెబుతాడు. చేతికి అందేంత ఎత్తులో పూలగుత్తులతో అది వంగి ఉందని అతనికి తెలుసు. దూరాన ఉన్నవాడి ప్రేమకు ఇక్కడ ప్రమాణం కన్నీరొక్కటే కాదు, ఇంటి పెరడు ఎలా ఉందో ఎరిగి ఉండడం కూడా.

దేవరకొండ బాలగంగాధర తిలక్ ఈ మర్యాదను ఆధునిక కాలానికి తెచ్చాడు. 1968లో వెలువడిన ‘అమృతం కురిసిన రాత్రి’లోని ‘సైనికుడి ఉత్తరం’ యుద్ధభూమినుంచి ఇంటికి రాసిన లేఖారూపంలో ఉంది. క్షేమసమాచారం చెప్పవలసిన లేఖాసంప్రదాయానికీ, క్షేమమన్న మాటకు చోటులేని యుద్ధానికీ మధ్య ఘర్షణే ఆ కవితకు ప్రాణం. ‘తపాలా బంట్రోతు’లో ఊరందరి మాటలూ మోసేవాడి మాట వినేవారు లేకపోవడాన్ని తిలక్ గుర్తించాడు. ఎడబాటును దూరస్థుడి వైపునుంచి, కబురు మోసేవాడి వైపునుంచి కూడా చూడవచ్చునని ఈ రెండు కవితలు నిరూపించాయి. తరువాతి కుటుంబ కథనాలు ఈ దారిని పెద్దగా అనుసరించలేదు.

3. ‘మిథునం’: కొడుకు లేని పెరడు

శ్రీరమణ ‘మిథునం’ తెలుగు పాఠకులు అపురూపంగా దాచుకున్న కథ. బాపు దానిని స్వదస్తూరీతో రాసి మిత్రులకు పంచాడు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో మలయాళంలోనూ, తనికెళ్ళ భరణి 2012లో తెలుగులోనూ దానిని చలనచిత్రంగా మలిచారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతుల పెరడు, వంటిల్లు, చిరుకలహాలు కలిసి ఒక సంపూర్ణ ప్రపంచం. భరణి చిత్రంలో తెరపై ఆ ఇద్దరు తప్ప మరొకరు కనిపించరు.

ఈ కథలో పిల్లలు దూరాన ఉన్నారన్నది ఫిర్యాదుగా మారదు. ముసలితనాన్ని జాలిగా చూపే అలవాటునుంచి కథ బయటపడింది. ఇది శ్రీరమణ సాధించిన గొప్ప విజయం. అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. ఆ పెరటి సంపూర్ణతకు పిల్లల లేమి ఒక షరతు. అక్కడి ప్రతి పాదూ ప్రతి పచ్చడీ ఆ ఇద్దరివే. దూరాన ఉన్న కొడుక్కి ఆ ఇంట్లో నెరవేర్చవలసిన పని ఏదీ మిగలలేదు. కథ అతన్ని నిందించదు, కాని అతనికి చోటూ ఇవ్వదు. యక్షుడికి తెలిసిన మందారం ఇక్కడి కొడుక్కి తెలుసో లేదో పాఠకుడికి తెలియదు.

4. ‘శతమానం భవతి’: పండుగ అనే పరీక్ష

సతీశ్ వేగేశ్న దర్శకత్వంలో 2017 సంక్రాంతికి విడుదలైన ‘శతమానం భవతి’ ఆత్రేయపురం నేపథ్యంలో నడుస్తుంది. ఆరోగ్యకరమైన వినోదం అందించిన జనాదరణ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. విదేశాల్లో స్థిరపడిన పిల్లలకోసం భార్య పడే బెంగ చూడలేక, తాము విడిపోతున్నామన్న కబురు పంపి భర్త వారిని పండుగకు రప్పిస్తాడు. ఊళ్లోనే ఉండిపోయిన మనవడు ఆ దంపతులకు అండగా ఉంటాడు.

ఎదురుచూసే తల్లి బాధను చిత్రం నిజాయితీగా పట్టుకుంది. తెలుగు ప్రేక్షకులు దానిని తమ ఇంటి కథగా స్వీకరించడానికి కారణం అదే. కాని దాని నైతిక నిర్మాణంలో ఉండిపోవడం ప్రేమకూ, వెళ్లిపోవడం మరపుకూ గుర్తులయ్యాయి. పండుగకు రావడమే పరీక్ష, వచ్చి పశ్చాత్తాపపడడమే ఉత్తీర్ణత. మిగిలిన సంవత్సరమంతా ఆ పిల్లలకూ ఆ ఇంటికీ మధ్య ఏ వ్యవహారం నడిచిందన్న ప్రశ్నకు కథలో ప్రాధాన్యం లేదు.

5. రాలేనివాడి మాట

రాకను కొలతగా పెట్టినప్పుడు రానివాడూ రాలేనివాడూ ఒకే గాట కట్టబడతారు. ఉత్తర తెలంగాణలో వలసను గురించి వాడుకలో ఉన్న ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అన్న మాట ఇక్కడ గుర్తు చేసుకోదగినది. గల్ఫ్ దేశాల్లోని కఫాలా విధానం కార్మికుడి నివాసానుమతిని యజమానితో ముడిపెట్టింది. సెలవు, ప్రయాణం తరచూ అతని చేతిలో ఉండవు. తండ్రి అంత్యక్రియలకు సైతం అందుకోలేని కార్మికుడు నెలనెలా పంపే డబ్బుతోనే చెల్లెలి పెళ్లి, ఇంటి అప్పు గడవవచ్చు. పండుగ పరీక్షలో అతడు తప్పినవాడే అవుతాడు. కనుక ఈ కొలతలో వర్గభేదం దాగి ఉంది: సెలవూ విమానపు ఛార్జీలూ ఉన్నవాడికే ప్రేమను నిరూపించుకునే అవకాశం దక్కుతుంది.

6. తోట చెప్పే కొలత

మామిడి సీమ జీవనక్రమం మరొక కొలతను సూచిస్తుంది. తోటకు ఏడాది పొడుగునా నిర్ణయాలు ఉంటాయి. చలికాలంలో పూత వచ్చినప్పుడు తేనెమంచు పురుగుకు మందు ఎప్పుడు కొట్టించాలి? పూతమీదే వ్యాపారికి తోట ఇచ్చి నిశ్చింతగా ఉండాలా, కాయ నిలిచేదాకా ఆగి ధరకోసం చూడాలా? గాలివానకు కాయ రాలితే నష్టం ఎవరిది? ఈ ప్రశ్నలు సంక్రాంతి సెలవుల్లో ఒక్కసారే తేలేవి కావు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు వారానికి నాలుగుసార్లు ఫోనులో తండ్రితో మాట్లాడి బేరంలో మాట సాయం చేస్తే, అప్పు వాయిదా తాను కడితే, అతడు ఆ ఇంట్లో ఉన్నట్టే. ఏటా పండుగకు వచ్చి, పూత ఎలా ఉందో అడగకుండా వెళ్లేవాడు చుట్టంగానే మిగులుతాడు.

ఈ కొలతకు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పాలుపంచుకోవడం డబ్బు పంపడంతో సరిపోదు. డబ్బు మాత్రమే పంపేవాడు నిర్ణయాధికారాన్ని కొనుక్కునే ప్రమాదం కూడా ఉంది. రెండవది, దూరస్థుడి పాలును గుర్తించే ఉత్సాహంలో ఇంట్లో ఉన్న స్త్రీ శ్రమ మరుగున పడకూడదు. వేసవిలో ముక్క కొట్టించి, ఆవ, కారం, ఉప్పు, నూనె పాళ్లు చూసి తల్లి కలిపిన ఆవకాయ జాడీ నగరానికి వెళుతుంది. ఆ జాడీ కొడుక్కి అందిన ప్రేమ మాత్రమే కాదు, అతనికోసం జరిగిన పని కూడా. పాలుపంపులు రెండు వైపులా నడిచినప్పుడే సాన్నిహిత్యం అన్న మాటకు అర్థం ఉంటుంది.

7. ముగింపు

‘మిథునం’ దూరాన ఉన్న కొడుకును నిందించలేదు, అతనికి పనీ ఇవ్వలేదు. ‘శతమానం భవతి’ అతన్ని పిలిచింది, కాని ముద్దాయిగా పిలిచింది. దూరస్థుడి పక్షాన మాట్లాడే మర్యాదను యక్షుడూ తిలక్ సైనికుడూ ఎప్పుడో చూపినా, ఉద్యోగవలసను చిత్రించే కుటుంబ కథనం దానిని తగినంతగా వినియోగించుకోలేదు. రోజువారీ ఫోను సంభాషణ, అప్పు వాయిదా, తోటబేరం, ఆవకాయ జాడీ వంటివి కథావస్తువుగా చిన్నవని తోచవచ్చు. నేటి తెలుగు కుటుంబం నిలుస్తున్నది వీటిమీదే. వలస సాహిత్యంపై పరిశోధన చేసేవారు పాత్రలు ఇంటికి ఎన్నిసార్లు వచ్చాయన్నదానితోపాటు, ఇంటి వ్యవహారాల్లో వాటి పాలు ఎంత, ఆ పాలును కథనం ఎంతవరకు కనబడనిచ్చింది అన్నది కూడా లెక్కించవలసి ఉంది.