ఒక గొంతులో ఒక సినిమా: నేరెళ్ల వేణుమాధవ్

వేదిక మీద ఒక్క మనిషి, ముందు ఒక్క మైకు. వాద్యబృందం లేదు, రికార్డు లేదు. అయినా నేరెళ్ల వేణుమాధవ్ నోరు విప్పితే ‘టెన్ కమాండ్‌మెంట్స్’ సభలోకి దిగివచ్చేది. సంభాషణ ఆయనే, దాని వెనక సంగీతం ఆయనే, సముద్రం చీలే హోరు ఆయనే. ‘మెకన్నాస్ గోల్డ్’లో గుర్రాల డెక్కలకు కొండలు అదిరి విరిగిపడే ఘట్టమూ అంతే. మాట ఎక్కడ ఆగిందో, సంగీతం ఎక్కడ అందుకుందో అతుకు కనిపించేది కాదు. మిమిక్రీలో అంతటి పనితనం మళ్లీ రాలేదని ఓరుగల్లువాళ్లం అంటే అభిమానం అనుకుంటారు. అనుకోండి, మాట మాత్రం నిజం.

1932 డిసెంబరు 28న వరంగల్‌లో పుట్టారు. బడిపంతులుగా పనిచేశారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, ఆ మరుసటేడు శాసనమండలి సభ్యుడయ్యారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. 2018 జూన్‌లో వెళ్లిపోయారు. బిరుదుల జాబితాకు ఇక్కడ చోటు చాలదు. నాకు చెప్పాలనిపించేది ఆయన పనితనం గురించే.

గొంతు మార్చడం ఈ విద్యలో తొలిమెట్టు. ఎస్వీ రంగారావు మాట ఛాతీలోంచి రావాలి, గొంతు బిగించి లావు చేస్తే అది ఉత్త అరుపు. చిత్తూరు నాగయ్య మాటలో ఊపిరి కలిసి ఉంటుంది. ఆ ఊపిరి పాలు కాస్త ఎక్కువైతే ఏడుపు, తక్కువైతే ఎవరో మామూలు మనిషి. స్థాయి అందిన తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. ఆ మనిషి ఏ మాట ముందు ఆగుతాడు, వాక్యం చివర గొంతు దించుతాడా ఎత్తుతాడా, కోపంలో వేగం పెంచుతాడా తగ్గిస్తాడా? ఇవి పట్టుకున్నవాడు ఆ నటుడు ఎన్నడూ పలకని మాటనైనా ఆయన చేత పలికించగలడు.

శబ్దాల సంగతి ఇంకా సూక్ష్మం. డెక్కల చప్పుడుకు నాలుకను అంగిటికి కొట్టాలి. గుర్రం దూరం నుంచి వస్తోందని తెలియాలంటే మొహం మైకుకు పక్కగా ఉంచి, మెల్లగా తిప్పుతూ దగ్గరకు రావాలి. పేలుడుకు పెదవుల మీద ఊపిరి ఫట్‌మని వదిలి, ఆ వెంటే గొంతులో గర్జన మోగించాలి. హోరు తెగకూడదంటే ఊపిరి పీల్చేటప్పుడు కూడా శబ్దం రావాలి. ఇదంతా నిమిషాల తరబడి, వరస తప్పకుండా సాగాలి! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

డబ్బింగు ఈ విద్యకు తోబుట్టువే. తెలుగు ‘గాంధీ’లో బెన్ కింగ్స్‌లీకి బాలసుబ్రహ్మణ్యం ఇచ్చిన గొంతు, సుమన్‌కూ రాజశేఖర్‌కూ సాయికుమార్ ఇచ్చిన గొంతు మనసు పెట్టి వినండి. తెరమీది మొహానికి ఊపిరితో సహా అతికిపోతాయి.

ఇప్పుడు టీవీలో మిమిక్రీ పేరుతో నడిచేది చూస్తే కడుపు మండుతుంది. అవే నలుగురు హీరోలు, అవే పంచ్ డైలాగులు, వెనక అరువు నవ్వులు. నత్తి ఉన్నవాణ్ణి, ముసలివాణ్ణి, పల్లెటూరి ఆడమనిషిని వెక్కిరించి దాన్ని కళ అంటున్నారు. అనుకరించే మనిషి మీద గౌరవం లేనివాడు ఆయన్ని శ్రద్ధగా వినడు, వినకుండా పట్టుకోనూ లేడు. వెక్కిరింతకు సాధన అక్కర్లేదు కనుకే అది ఇంత చవగ్గా దొరుకుతోంది. పైగా కంప్యూటరే ఏ గొంతునైనా తయారుచేస్తుంటే ఇక మనిషెందుకని అడుగుతున్నారు. కంప్యూటరు గొంతుకు ఊపిరి అందకపోవడమన్నది లేదు. జనం ఎదుట, ఊపిరి అందే అంచున నిలబడి చేసే సాహసానికే కదా మనం చప్పట్లు కొట్టింది!

వేణుమాధవ్ ఈ విద్యను పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం తరగతి గదిలోకి తీసుకెళ్లి పిల్లలకు నేర్పారు. ఆయన ప్రదర్శనలు నేడు వెతికితే ముక్కలుముక్కలుగా దొరుకుతాయి. ఆకాశవాణి, దూరదర్శన్, ఆ విశ్వవిద్యాలయం కలిసి తమ దగ్గరున్నవన్నీ శుభ్రం చేయించి, ఒక్కచోట చేర్చి, అందరికీ వినపడేలా పెట్టాలి. పాత టేపులు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే బూజు పట్టకముందే దించి వాళ్లకు అందించండి.