మంచం కింద ఎవరున్నారు?

మా మందమర్రిలో కరెంటు పోతే పిల్లలు నవ్వుతారు. కాళ్ల కింద బొగ్గు, ఇంట్లో చీకటి. అనుకునేదొకటి, అయ్యేదొకటి. ఇది సన్నివేశంలోని వ్యంగ్యం. అప్పుడే ఎవరో "మనూరికి వెలుగు ఎక్కువైంది" అంటారు. అది మాటలోని వ్యంగ్యం. ఈ రెండూ మనవాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు. మూడోది, పాత్రకు తెలియని సంగతి చదివేవాళ్లకు తెలిసి ఉండటం. ఆదివాసుల మీద వచ్చే కథల్లో చిక్కంతా దీనితోనే.

గురజాడ 'దిద్దుబాటు' (1910) చూద్దాం. సానిపాట విని అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, ఉత్తరం కనబడుతుంది. తను ఇంట్లో ఉండబట్టే ఆయనకు అబద్ధాలాడే అవసరం వచ్చిందని, పుట్టింట ఉంటే ఆ ఇబ్బంది ఉండదని ఎంతో మర్యాదగా రాస్తుంది. తప్పు తన మీద వేసుకున్నట్టే ఉంటుంది, దెబ్బ ఆయనకు తగులుతుంది. తీరా చూస్తే ఆమె మంచం కిందనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు గోపాలరావుతో పాటు మనమూ మోసపోతాం. రెండోసారి మనకు తెలుసు, ఆయనకు తెలియదు. అదే గది, అవే మాటలు, వ్యంగ్యం మాత్రం వేరు. రెండుసార్లూ అంతా తెలిసిన మనిషి కమలిని.

మరి సేటు తూకంలో మోసం చేసే కథ? రచయితకు తెలుసు, పాఠకుడికి తెలుసు. ఇప్పపువ్వు గంపతో వచ్చిన తాతకే తెలియదు. పైగా 'అమాయక గిరిజనుడు' అని బిరుదు. మేమూ అలాంటి కథ రాసి తరగతిలో చదివాం. ఒక కోలాం పిల్ల లేచి, "తాతకు ఎరికే సార్. కాని ఉప్పు ఇంకెవలిస్తరు?" అన్నది. ఆ కథ అచ్చుకివ్వలేదు.

తెలిసి ఉండటమే తప్పని కాదు. అల్లం రాజయ్య, సాహు రాసిన 'కొమురం భీం' నవల తెరిచేటప్పటికే 1940లో జోడేఘాట్‌లో ఏమైందో మనకు తెలుసు. అయినా భీం మన ముందు చిన్నబోడు. తుపాకులకు ఎదురు నిలిచినవాడికి ఏమి కావచ్చునో మనకన్నా బాగా తెలుసు.

సేటు కథ మళ్లీ రాస్తున్నాం. తాత తూకపురాయిని ఒకసారి చేత్తో ఎత్తి చూసి పెడతాడు. "సేటూ, నీ దుకాణంల అన్నీ బరువైనయే, నా గంప ఒక్కటే తేలిక" అంటాడు. దుకాణాన్ని మెచ్చుకున్నాడనుకుని సేటు నవ్వి, ఒక బీడీ ఇస్తాడు.