వలకూ వలకూ మధ్య

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు జెట్టీకి ఆనగానే అందరి చూపూ చేపల మీదే. నా చూపు మాత్రం కలాసీల చేతుల మీదికి పోతుంది. ఉప్పునీళ్లలో, ఐసులో నానీ నానీ అరచేతుల చర్మం తెల్లగా పొరలు లేచి ఉంటుంది. రొయ్య ముల్లు దిగినచోట చీము. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మరీ నరకం, అందులో విషం ఉంటుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వల ఎత్తే హడావుడిలో ఆ నీళ్లు ఎవరు కాస్తారు?

అంతకన్నా నన్ను బాధపెట్టేది వాళ్ల నిద్ర. ట్రాలింగ్‌లో వల దించాక రెండు మూడు గంటలు లాగుతారు. ఎత్తి, చేపలు ఏరి, ఐసులో సర్దేలోపే వల మళ్లీ నీళ్లలో ఉంటుంది. మిగిలిన గంటో గంటన్నరో, ఇంజిను మోతలో, తడి తాళ్ల పక్కనే ఒరిగి కునుకు తీయాలి. రాత్రీ పగలూ ఇదే వరస. ఆ మత్తులో వించి దగ్గర చెయ్యి జారితే వేళ్లు పోతాయి, అంచున కాలు జారితే మనిషే పోతాడు.

సరుకు ఓడల సిబ్బందికి రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటల విశ్రాంతి ఇవ్వాలని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. చేపల బోట్లకు అది వర్తించదు. మూడు రోజులు మించి సముద్రంలో ఉండే బోట్లకు అవే గంటలు ఖాయం చేస్తూ 2007లో విడిగా మరో ఒప్పందం వచ్చింది. దాన్ని మనం ఇంతవరకు ఆమోదించలేదు.

నిద్రపోవద్దని కలాసీని ఎవరూ కొట్టరు. వాటా పద్ధతే మేలుకోబెడుతుంది. డీజిలు, ఐసు, రేషన్ ఖర్చులు పోగా మిగిలినదాంట్లోనే ఓనరుకూ కలాసీలకూ భాగాలు. ఒక వల తగ్గితే ఇంటికి చేరే డబ్బు తగ్గినట్టే. వాటాతో పాటు రోజుకింత అని కూలి ఖాయమైతే తప్ప ఆ కళ్లు మూతపడవని నా నమ్మకం.

అది ఒక్క రోజులో జరిగేది కాదు. ఈలోగా చేయగలిగింది ఒకటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజుల్లో బోట్లను గట్టెక్కించి ఇంజిన్లు విప్పి బాగుచేస్తారు. కలాసీల చెవులు, బీపీ, చేతులు చూడడానికీ అదే అదును. నిషేధ కాలానికి ఇచ్చే భృతి కోసం ఎలాగూ కలాసీల పేర్లు రాసుకుంటారు. ఆ రోజే ఒక డాక్టరును కూడా జెట్టీ మీద కూర్చోబెట్టమని మత్స్యశాఖను అడుగుతున్నాను.