రెండవ కొస ఎక్కడ?

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి వారి పదవ తరగతి గణిత పుస్తకమున, నిరూపక జ్యామితి అధ్యాయములో, ఒక చిన్న లెక్క కలదు. ఒక వృత్తమునకు ఏబీ వ్యాసము. కేంద్రము (2, −3), బీ బిందువు (1, 4). ఏ బిందువు నిరూపకములు కనుగొనవలెను. లెక్క సులభమే. దానికి ముందు చెప్పిన పాఠమును గూర్చియే కొంత విచారింపవలసి యున్నది.

పుస్తకము మొదట సరూప త్రిభుజముల సాయమున విభజన సూత్రమును సాధించి, పిదప నిష్పత్తి 1:1 అయినపుడు వచ్చునదిగా మధ్యబిందువును చెప్పును. తర్కమున దోషము లేదు. ఒకే సూత్రమునకు అన్ని నిష్పత్తులును లొంగును. కాని విద్యార్థికి మధ్యబిందువనగా "కూడి రెండుచే భాగించుట" అను క్రియగానే మిగులును. కొస తెలియనపుడు కూడ అతడు ఆ క్రియనే చేయును. ఇచ్చిన రెండు బిందువులను కూడి, సగము చేసి, (3/2, 1/2) అని వ్రాయును. అది కేంద్రమునకును బీకిని నడుమ నున్న బిందువు. కావలసిన ఏ కేంద్రమునకు ఆవలి ప్రక్క నున్నది! పటము గీచినవాడు ఈ పొరపాటు చేయడు.

బీ నుండి కేంద్రమునకు పోవుటకు కుడికి 1, క్రిందికి 7 నడువవలెను. అదే నడక మరల నడచినచో (3, −10) చేరుదుము. కేంద్రపు నిరూపకములను రెట్టించి, తెలిసిన కొసను తీసివేసినను ఇదే వచ్చును. నడక ముందు, సూత్రము వెనుక చెప్పిన బాగుండెడిది.

అదే అభ్యాసములోని సమాంతర చతుర్భుజపు లెక్క మాత్రము మెచ్చదగినది. వరుసగా శీర్షములు (1, 2), (4, వై), (ఎక్స్, 6), (3, 5). ఇందు మధ్యబిందువును ఎవరును ఈయరు. రెండు కర్ణములకును అది ఒక్కటేనని విద్యార్థియే గుర్తింపవలెను. అంతట ఎక్స్ 6, వై 3 అని తేలును.

ఒక లోటు గలదు. నడుమ అని చెప్పినది నిజముగా నడుమేనా యని ఈ లెక్కలు అడుగవు. కరీంనగరు నుండి పెద్దపల్లికి పోవు దారిలో సుల్తానాబాదు వచ్చును. అది సరిగా సగము దారియని యెవరైన అనుకొన్నారనుడు. కరీంనగరు సుమారు 79.13 రేఖాంశము, 18.44 అక్షాంశము, సుల్తానాబాదు 79.32, 18.53. రెట్టించి తీసివేసిన రెండవ కొస 79.51, 18.62. పెద్దపల్లి అక్షాంశమును 18.62 యే! అక్షాంశ మొక్కటే చూచినవాడు లెక్క కుదిరినదని సంతోషించును. కాని పెద్దపల్లి రేఖాంశము 79.38. మనకు వచ్చిన బిందువు ఊరు దాటి, తూర్పుగా 13, 14 కిలోమీటర్ల దూరమున పడినది. సుల్తానాబాదు పెద్దపల్లికే దగ్గర.