పెళ్ళిచూపులకు కూర్చున్న పులి

కర్నూలు, కడప వాళ్ళకి జూ అంటే తిరుపతిదే. కొండమీద దర్శనం అయ్యాక, పిల్లల మారాం తీర్చడానికి 1987లో వెలసిన ఆ శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలలో రెండో దర్శనం. అక్కడినుంచి బయటికొచ్చే మన తల్లుల నోట వినిపించే విమర్శ దాదాపు ఒక్కటే: "పులి పండుకోనుండాది. లేసిందే లేదు. దుడ్లు దండగ!"

ఆ విమర్శనే కాస్త విమర్శించాలని నా కోరిక.

నడవమ్మా, పాడమ్మా, జడ చూపించమ్మా అన్న పెళ్ళిచూపుల తంతు మనలో ఎంతమంది మరిచిపోయారు? పులి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమే మగపెళ్ళివారం! లేవాలంటాం, గర్జించాలంటాం. చప్పట్లు, ఈలలు, ఆపైన ఎవరో పెద్దమనిషి విసిరే గులకరాయి. సింహం రోజులో ఇరవై గంటలదాకా పడుకునే జీవి. మిట్టమధ్యాహ్నం నిద్ర దానికి సహజం. అదే, కమ్మీల వెంబడి అటూ ఇటూ ఆగకుండా తిరిగే జంతువుని చూసి "ఎంత హుషారుగా ఉందో!" అని మురిసిపోతాం. అది హుషారు కాదు, చాలాసార్లు బందీగా ఉండి విసిగి తెచ్చుకున్న జబ్బు.

అందుకే జూ నడిపేవాళ్ళ కష్టం నాకు అర్థమవుతుంది. పొదో గుహో చాటు కల్పిస్తే చూడవచ్చినవాళ్ళకి కోపం. కల్పించకపోతే జంతువుకి నరకం. నా ఓటు చాటుకే. ప్రతి జూ వారానికొక రోజు సందర్శకులకు మూసి ఉంచాలని మన దేశంలో నిబంధన కూడా ఉంది. (ఆ భాగ్యం మన వంటిళ్ళకి లేదు, అది వేరే సంగతి.)

చూడ్డానికి దొరక్కపోతే జంతువు ఉండీ దండగే అనేవాళ్ళకి మన కడప కలివికోడి కథ చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న పిట్ట అది. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ముళ్ళపొదల్లో మళ్ళీ దొరికింది. రాత్రిళ్ళు తిరుగుతుంది, పగలు దాక్కుంటుంది. బోను లేదు, టిక్కెట్టు లేదు. దానికోసం లంకమల అడవిని అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువని పక్కకి మళ్ళించారు. మన పిల్లలకి ఆఫ్రికా జిరాఫీ తెలుసు, ఈ ఇంటిపిట్ట పేరు తెలీదు. దాన్ని వెతకబోయిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి వచ్చి కాలిముద్ర పడిందేమోనని వంగి చూసుకునేవారు. పడిందంటే చాలు, పిట్ట కంటపడకపోయినా వాళ్ళకది పండగే.